పట్టికలో లేని పేరు

వైద్యవిద్యకు చూపు మొదటి మెట్టు. నాడి పట్టుట, నాలుక చూచుట, కనుఱెప్ప నెత్తి పరిశీలించుట, ఎదపై గొట్టము నుంచి వినుట, ఇవి యన్నియు ఆ చూపునకు వేర్వేరు రూపములే. అనుభవము గల వైద్యుడు కామెర్ల రోగిని గడప దాటకమునుపే గుర్తుపట్టును. అది మంత్రము కాదు. అట్టి రోగులను ఆయన అంతకు పూర్వము వందలకొలది చూచి యుండుటయే అందులకు కారణము. ప్రతి రోగియు వైద్యునకొక పాఠము. కాని ఆయన ఎంత శ్రమించినను ఒక్క జీవితములో చూడగలిగిన రోగుల సంఖ్యకు మేర యున్నది. ఆయన కన్ను మూసిన నాడు ఆ అనుభవములో పెద్దభాగము ఆయనతోనే పోవును.

వేయిమంది వైద్యులు చూచినదానిని ఒక్కచోట కూర్చి, మారుమూల గ్రామమున నున్న రోగికి అందింపరాదా? ఈ ప్రశ్న నుండి పుట్టినదే నేడు విశ్వవిద్యాలయముల పరిశోధనాలయములందు సాగుచున్న ఒక కొత్త కృషి. ఆస్పత్రులకు వచ్చిన రోగుల వివరములను, రక్తపరీక్షల ఫలితములను, ఎక్సురే చిత్రములను కంప్యూటరునకు చూపి, వ్యాధిని గుర్తించుట దానికి నేర్పుచున్నారు. ఈ విద్యకు ఆంగ్లమున మెషిన్ లర్నింగ్ అని పేరు. మనము దీనిని యంత్రాభ్యసనము అనవచ్చును.

యంత్రమేమి, నేర్చుకొనుటేమి యని మీరు ఆశ్చర్యపడవచ్చును. మీ యింట అక్షరములు దిద్దుచున్న చిన్నతమ్ముని గమనింపుడు. 'అ' అను అక్షరమునకు ఇన్ని వంపులని, ఇంత పొడవని వానికెవ్వరును సూత్రము చెప్పరు. అక్క వ్రాసిన 'అ', ఉపాధ్యాయుడు వ్రాసిన 'అ', దుకాణముపై రంగుతో వ్రాసిన 'అ' చూచి చూచి, తప్పు చెప్పి దిద్దించుకొని, తుదకు వాడు ఎవరి చేతివ్రాతలో నున్నను దానిని గుర్తుపట్టును. యంత్రము నేర్చుకొను విధమును ఇట్టిదే. దానికి ఒక కంటి చిత్రమును చూపుదురు. ఇందు వ్యాధి యున్నదా లేదా యని అది ఊహించును. నిపుణుడు చెప్పిన తీర్పుతో ఆ ఊహను సరిపోల్చి, తప్పినచో తనలోని లెక్కలను ఇంచుక సవరించుకొనును. ఇట్లు లక్షలసార్లు జరుగును. పిదప అది ఎన్నడును చూడని చిత్రములను చూపి పరీక్షింతురు. ప్రశ్నపత్రమును ముందే చూచిన విద్యార్థి తెచ్చుకొన్న మార్కులకు విలువ లేదు గదా! యంత్రమునకును అదే నియమము.

ఇందులకొక ఉదాహరణము చెప్పెదను. మధుమేహము ముదిరినపుడు కంటి వెనుకపొరలోని సన్నని రక్తనాళములు చెడిపోవును. తొలిదశలో రోగికి నొప్పి యుండదు, చూపు తగ్గినట్లును తెలియదు. తెలియునప్పటికి ఆలస్యమగును. 2016లో గూగుల్ సంస్థకు చెందిన పరిశోధకులు 1,28,175 కంటి చిత్రములతో ఒక యంత్రమునకు ఈ వ్యాధిని గుర్తించుట నేర్పిరి. ఆ చిత్రములు అమెరికాలోను, మన దేశమున మూడు నేత్రవైద్యశాలలలోను తీసినవి. వానిని పరిశీలించి తీర్పు చెప్పినవారు 54 మంది నేత్రవైద్యులు. ఒక్కొక్క చిత్రమును కనీసము ముగ్గురు చూచిరి. పిదప కొత్త చిత్రములను చూపగా ఆ యంత్రము నిపుణులకు తీసిపోని రీతిగా వ్యాధిని గుర్తించెను.

మన ప్రాంతమునకును ఇట్టి కృషితో సంబంధము కలదు. 1987లో హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఏర్పడినది. పల్లెజనులకు చేరువ కావలెనని ఆ సంస్థ 1996లో నాటి ఆదిలాబాదు జిల్లాలోని ముధోల్ గ్రామమున ఒక కేంద్రమును స్థాపించెను. ముధోల్ ఇప్పుడు నిర్మల్ జిల్లాలో నున్నది. 2010 నుండి ఆ సంస్థ రోగుల వివరములను కంప్యూటరులో భద్రపఱచుట కారంభించెను. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థతో కూడి, ఆ వివరముల నుండి యంత్రమునకు నేత్రవైద్యము నేర్పు పనికి పూనుకొనెను. బాలబాలికలలో హ్రస్వదృష్టి, అనగా దూరపు వస్తువులు మసకగా కనబడు దోషము, ఏ విధముగా పెరుగునో ముందుగా అంచనా వేయుట అందులో నొక భాగము. వెనుకబల్లపై కూర్చుండి నల్లబల్ల మీది అంకెలు కానక తికమకపడు పిల్లవానిని ఎఱిగిన ఉపాధ్యాయులకు ఈ పని విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

హైదరాబాదులోనే గచ్చిబౌలి యొద్ద 1998లో స్థాపింపబడిన ట్రిపుల్ ఐటి అను విశ్వవిద్యాలయ సంస్థ కలదు. అందలి పరిశోధనాలయ మొకటి 2019లో భారతీయుల మెదడుకు ఒక నమూనా పటమును సిద్ధపఱచినది. ఇరువదియొకటి మొదలు ముప్పది యేండ్ల లోపు వయసు గల ఆరోగ్యవంతులైన ఏబదిమంది పురుషుల, ఏబదిమంది స్త్రీల మెదడు చిత్రములను తీసి, వాని సగటును గణించి ఆ పటమును కూర్చిరి. అంతవఱకు మన వైద్యులకును ఆధారముగా నున్నది పాశ్చాత్యుల మెదళ్లను కొలిచి చేసిన నమూనాయే. రెంటిని పోల్చి చూడగా భారతీయుల మెదడు సగటున పరిమాణములో కొంచెము చిన్నదని తేలెను. పరిమాణము తగ్గినంత మాత్రమున తెలివి తగ్గినదని ఎవ్వరును తలపరాదు. ఇచ్చట విషయము వేఱు. మతిమఱపు వ్యాధులలో మెదడు కుంచించుకొని పోవును. పరాయివారి కొలతతో చూచినచో ఆరోగ్యవంతుడైన మనవాని మెదడు సైతము కుంచించుకొని పోయినట్లు తోచవచ్చును. సిరిసిల్లలో నేసిన బట్ట ఎంత మంచిదైనను, ఇంకొకని కొలతకు కుట్టిన అంగీ మన భుజములకు సరిపడదు గదా!

ఈ సంగతిలో ఒక గొప్ప నీతి యిమిడి యున్నది. యంత్రము తనకు చూపినవారిని గూర్చియే నేర్చుకొనును. చూపనివారిని గూర్చి దానికేమియు తెలియదు. తెలియదని చెప్పుటకు దానికి ఎవరైన నేర్పి యుండనిచో, తెలియకయే ధీమాగా ఉత్తరము చెప్పును.

చూపినదానిని సైతము అది అపార్థము చేసికొనవచ్చును. 1990 దశకమున అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరపు విశ్వవిద్యాలయ పరిశోధకులు న్యుమోనియా రోగుల వివరములను యంత్రమునకు నేర్పిరి. ఏ రోగికి ప్రాణాపాయ మెక్కువ, ఎవరిని ఇంటికి పంపవచ్చును అని తేల్చుట వారి ఆశయము. ఆ యంత్రము చెప్పిన సూత్రములలో నొకటి వైద్యులను నివ్వెఱపఱచినది. ఉబ్బసము గలవారికి న్యుమోనియా వచ్చినచో అపాయము తక్కువ యని అది చెప్పెను. వాస్తవమిందులకు పూర్తిగా విరుద్ధము. మఱి యంత్రమట్లేల చెప్పినది? ఉబ్బసము గలవారికి అపాయ మెక్కువ యని వైద్యులు ముందే యెఱిగి, వారిని వెంటనే అత్యవసర చికిత్సా విభాగమునకు తరలించుచుండిరి. అట్టి శ్రద్ధ వలన వారిలో పెక్కురు బ్రతికిరి. బ్రతికిరని పట్టికలో నున్నది. అంతటి శ్రద్ధ చేసిన కారణమున బ్రతికిరన్న మాట యంత్రమునకు అందలేదు. ఆ యంత్రము మాట నమ్మి ఉబ్బసపు రోగిని ఇంటికి పంపియున్నచో ఏమగునో ఊహింపుడు! పరిశోధకులు వివేకవంతులు గనుక, మిక్కిలి సరిగా లెక్క చెప్పుచున్నను లోపలి ఆలోచన కనబడని యంత్రమును రోగులపై ప్రయోగింపక మానుకొనిరి.

ఇక వ్రాతయే సరిగా లేనిచో చెప్పవలసినదేమున్నది? పట్టికలతో నాకును చిరకాల పరిచయము కలదు. ఆదిలాబాదు ప్రాంతమున ప్రధానోపాధ్యాయుడనై యున్న కాలమున పాత ప్రవేశపట్టికలను తిరుగవేయగా ఒక వింత కనబడెను. ఒక తరగతిలో సగమునకు పైగా పిల్లలు జూన్ 1న జన్మించినట్లు వ్రాసి యున్నది! తండ్రి వచ్చి, "జొన్న కోతలప్పుడు పుట్టిండు సారు" అని చెప్పును. తల్లి వచ్చి, "పెద్ద వాన పడ్డ యేడు" అని చెప్పును. గడిలో మాత్రము తేదీ యుండితీరవలెను. బడిలో చేరుటకు వయసు సరిపోవునట్లు ఒక తేదీ వ్రాయబడెను. మన మది చూచి నవ్వుకొందుము. యంత్రము నవ్వదు. ఆ పట్టికను చదివి, ఈ ప్రాంతపు తల్లులు జూన్ 1ననే ప్రసవింతురని నిష్కర్షగా తేల్చును. అట్లే గోండు బాలుని ఇంటిపేరు బడిలో 'ఆత్రం' అని, రేషను కార్డులో 'అత్రం' అని, ఆస్పత్రి చీటిలో మఱియొక విధముగా నుండును. మనకు వాడొక్కడే. యంత్రమునకు ముగ్గురు. మొదటివానికి జ్వరము, రెండవవానికి రక్తహీనత, మూడవవానికి ఏమియు లేదు!

తప్పుగా వ్రాసినదానిని దిద్దవచ్చును. అసలు వ్రాయని దానిని దిద్దుట యెట్లు? 2019లో 'సైన్స్' అను పత్రికలో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఈ చిక్కును లోకమునకు చాటినది. అమెరికాలో ఎవరికి అదనపు వైద్యసహాయము అవసరమో యెంచుటకు ఆస్పత్రులు ఒక యంత్రమును వాడుచుండెను. రోగమెంత యున్నదో కొలుచుట కష్టము గనుక, వైద్యమునకు ఎంత ఖర్చగునో దానికి లెక్కింప నేర్పిరి. ఖర్చెక్కువైనచో రోగమెక్కువ యని భావము. పైకి ఇది సమంజసముగనే తోచును. కాని నల్లజాతివారికి వైద్యము అందుటయే తక్కువ. అందుచేత అంతే రోగమునకు వారిపై అయిన ఖర్చును తక్కువ. వారు ఎక్కువ ఆరోగ్యముగా నున్నారని యంత్రము నమ్మెను. ఆ లోపమును సవరించినచో, అదనపు సహాయము పొందువారిలో నల్లజాతివారి వంతు నూటికి 17.7 నుండి 46.5కు పెరుగునని పరిశోధకులు లెక్కించిరి. వైద్యమునకు నోచుకొనని పేదవాడు పట్టికలో ఆరోగ్యవంతుడుగా కనబడుట యనగా ఇదియే.

ఈ వార్త చదివినపుడు నాకు మా మేనత్త జ్ఞప్తికి వచ్చినది. ఆమె సిరిసిల్ల దాపునగల పల్లెలో బీడీలు చుట్టి సంసారము నీదినది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, ప్రక్కన దారపుకండె. వేయి బీడీలకు ఇంత యని కూలి. తల యెత్తినచో లెక్క తగ్గును. ఆమెకు కొంతకాలముగా దారము కనబడుట లేదు. చేతి వాడుకతోనే ముడి వేయుచుండెను. ఒకసారి చూపించుకొమ్మని నేను హెచ్చరింపగా, "దవాఖానకు పోతే ఆ దినం కూలి ఎవలిస్తరు అల్లుడా? నాకేం బీమారి లేదు. ముసల్తనం, గంతే" అని నవ్వినది. తుదకు ఆమెను బలవంతముగా పట్నమునకు తీసికొనిపోగా, మధుమేహము ఏండ్ల తరబడి ఆమె నంటియున్నదని వైద్యులు చెప్పిరి. ఒక కన్ను దక్కలేదు. రెండవ కంటి చూపు మాత్రము కొంత నిలిచినది. అంతవఱకు అరువది యేండ్లు ఆమె పేరు ఏ దవాఖాన పట్టికలోను లేదు. ఎంతటి సూక్ష్మబుద్ధి గల యంత్రమైనను, ఆ పట్టికలను చదివి ఆమె కన్నును కాపాడగలిగి యుండెడిదా?

కావున రోగి దవాఖానకు వచ్చువఱకు వేచియుండక, పట్టికయే రోగి గడపకు పోవలెను. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో ప్రజల ఆరోగ్యవివరములను నమోదు చేయు కార్యక్రమమును ప్రయోగాత్మకముగా ప్రారంభించెను. పదునెనిమిది యేండ్లు నిండినవారి రక్తపుపోటు, రక్తములోని చక్కెర మొదలగువానిని వ్రాసికొనుటకై ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయిరి. 2023 జూలై 1న కొడవలి కణ రక్తహీనతను 2047 నాటికి రూపుమాపవలెనన్న జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. ఈ వ్యాధిలో గుండ్రముగా నుండవలసిన ఎఱ్ఱ రక్తకణములు కొడవలివలె వంగును. ఇది వంశపారంపర్యముగా వచ్చునది. మన ఆదిలాబాదు అడవులలోని గోండులను సైతము పీడించుచున్నది. ఏడు కోట్లమందిని పరీక్షింపవలెనని ఆ కార్యక్రమము యొక్క సంకల్పము. ఉట్నూరు దాపున ఒక గూడెమునకు వాగు దాటి పోయిన ఆశా కార్యకర్త చేతిలోని పుస్తకము, గచ్చిబౌలిలోని కంప్యూటరు కంటె తక్కువైన పనిముట్టు కాదు. ఆ పుస్తకములో వ్రాత సరిగా నున్ననే ఈ కంప్యూటరులో విద్య సరిగా నుండును.

అయితే, జనులు తమ వ్యాధిని నిజముగా చెప్పవలెనన్నచో వారికి నమ్మకము కావలెను. వైద్యుని చెవిని బడిన మాట వీథిలో వినబడరాదన్నది తొల్లింటి మర్యాద. పెండ్లి కావలసిన పిల్లకు కొడవలి కణవ్యాధి లక్షణమున్నదని ఊరివారికి తెలిసినచో ఆ కుటుంబము ఎంత క్షోభపడునో మనకు తెలియును. అందుచేత పరిశోధనాలయములకు పంపు వివరముల నుండి రోగి పేరును, చిరునామాను తొలగించుట ధర్మము. గోప్యత పౌరుల ప్రాథమిక హక్కు అని మన సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. వ్యక్తుల వివరముల రక్షణకై 2023లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. రహస్యము నిలుచుననెడు ధైర్యమున్న చోటనే రోగి నిజము చెప్పును. నిజము చెప్పిన చోటనే యంత్రము నిజమును నేర్చును.

విద్యార్థులారా! ఉపాధ్యాయుడు ప్రతిదినము హాజరు పట్టికను చదువునపుడు ఒక విశేషము కలదు. ఆ పట్టిక వచ్చినవారి పేర్లనే కాక రానివారి పేర్లను సైతము పలికించును. పేరు పిలిచినపుడు బదులు రానిచో తరగతి అంతయు ఆ ఖాళీ చోటివంక చూచును. వాడేల రాలేదు, జ్వరమా, పత్తి ఏరుటకు పోయెనా అని ఎవరో ఒకరు చెప్పుదురు. సాయంకాలము ఒక స్నేహితుడు వాని యింటికి పోయి వచ్చును. దవాఖాన పట్టికలో ఈ గుణము లేదు. అందు వచ్చినవారి పేర్లు మాత్రమే యుండును. రానివారి కొఱకు అందొక గడి లేదు. పరిశోధనాలయమునకు చేరునది ఈ పట్టికయే.

మీలో కొందఱు రేపు బాసరలో 2008లో వెలసిన సాంకేతిక విశ్వవిద్యాలయమున చదివి యంత్రములకు విద్య నేర్పుదురు. కొందఱు నర్సులై, ఆశా కార్యకర్తలై, గుమాస్తాలై, ఆ యంత్రములు చదువు పట్టికలను వ్రాయుదురు. ఎవరు ఏ పనిలో నున్నను, వివరముల కుప్ప ఎదుట కూర్చున్నపుడు ముందుగా ఈ ప్రశ్న వేసికొనుడు: ఇందు ఎవరి పేరు లేదు? ఆ పేరు గలవారు ఏ బీడీ చాట ముందో, ఏ వాగు కావలనో ఉందురు. వారిని వెదకికొని పోవుట యంత్రమునకు చేతగాదు. అది మనుష్యుడు నడిచి పోయి చేయవలసిన పని.